గట్టు మీద నడకా, గదిలో హెడ్‌సెట్టా? ఎమ్మెస్ ఉన్నవాళ్లకు ఏది ఎప్పుడు

“మా తమ్ముడు వచ్చే నెల కువైట్ నుంచి వస్తున్నాడండీ. కళ్లకు పెట్టుకునే ఆ వీఆర్ పెట్టె తెమ్మంటారా? దాంతో మా అమ్మాయి నడక బాగవుద్దంటారా?”

అమలాపురం, రాజోలు చుట్టుపక్కల, చించినాడ వంతెన దాటాక పాలకొల్లు వైపు, ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేయించడం నా పని. నా దగ్గర పక్షవాతం వచ్చినవాళ్లు ఎక్కువ, మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎమ్మెస్) అనే నరాల జబ్బు ఉన్నవాళ్లు తక్కువ. ప్రశ్నలు మాత్రం ఎమ్మెస్ వాళ్లవే ఎక్కువ. పైన ఓ తల్లి అడిగింది అలాంటిదే. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కంప్యూటర్ సృష్టించిన బొమ్మల ప్రపంచంలో మనమే కదులుతున్నట్టు చూపించేది. కళ్లకు పెట్టుకునే దాని పెట్టెనే హెడ్‌సెట్ అంటారు. ఈ జబ్బు సాధారణంగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు అన్నీ ముందున్న వయసు కాబట్టి కొత్తగా ఏది వచ్చిందన్నా ఆశగా అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. చాలామంది మొట్టమొదట కొనాల్సిన వస్తువు హెడ్‌సెట్ కాదు. కొందరికి నిలబెట్టి అసలు పెట్టకూడదు. కొందరికి మాత్రం నిజంగానే పనికొస్తుంది. మీరు ఏ కోవలోకి వస్తారో తెలియాలంటే, పరికరాల సంగతికి ముందు మీ నడక సంగతి చూడాలి.

## మీ నడక ఎక్కడ తెగుతోంది?

ఎమ్మెస్‌లో మన శరీరంలోని రక్షణ వ్యవస్థే దారి తప్పి మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీదుండే మైలిన్ అనే పొరను దెబ్బతీస్తుంది. మన డెల్టా భాషలో చెప్పాలంటే కాలువకు గండి పడటమే. ధవళేశ్వరంలో నీళ్లు వదిలారు, లాకుల దగ్గర కాలువ నిండుగా ఉంది, శివారు పొలానికి మాత్రం తడి చేరలేదు. గండి ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి ఎండే చేను మారుతుంది. ఎమ్మెస్ ఉన్న ఇద్దరి నడక ఒకలా ఉండకపోవడానికి కారణం ఇదే. పక్కూరి అమ్మాయికి పనికొచ్చింది మీకు పనికిరాకపోవచ్చు.

పాదం వేలాడటం. నడుస్తుంటే ముందు భాగం పైకి లేవదు. చాలామందికి మొదటి గుర్తు హవాయి చెప్పు. ఒక కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియకుండా నాలుగడుగులు ముందుకెళ్లి వెనక్కి చూస్తారు.

బిగుతు. పిక్క, తొడ కండరాలు పట్టేసి మోకాలు సరిగ్గా వంగదు, కాలు కర్రలా తిరుగుతుంది.

తూలడం. చిన్న మెదడు వైపు దెబ్బ తగిలితే అడుగులు వెడల్పుగా, తప్పటడుగుల్లా పడతాయి.

పాదం ఎక్కడుందో తెలియకపోవడం. వీఆర్ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. కాలి నుంచి మెదడుకు వెళ్లాల్సిన సమాచారం సరిగ్గా చేరక, ఆ లోటును కళ్లు పూడుస్తుంటాయి. పగలు బాగానే నడుస్తారు కాబట్టి ఇంట్లోవాళ్లకు తెలియదు. మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు అడగండి. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్నప్పుడు తూలి గోడ పట్టుకుంటున్నారా? రాత్రి కరెంటు పోతే ఉన్నచోటే ఆగిపోతున్నారా? రెంటిలో ఏ ఒక్కదానికి “అవును” అన్నా ఆ మాట గుర్తుపెట్టుకోండి, హెడ్‌సెట్ దగ్గర మళ్లీ వస్తాను.

అలసట. మొదటి 200 అడుగులు బాగుంటాయి. ఆ తర్వాత కాలు ఈడుస్తుంది. ఇది బద్ధకం కాదని అత్తింటివాళ్లకు చెప్పలేక ఏడ్చినవాళ్లను చూశాను.

ధ్యాస చెదరడం. మౌనంగా నడిస్తే ఫరవాలేదు. పక్కనెవరైనా పలకరించారా, అడుగు తప్పుతుంది. బజారులో, పెళ్లి పందిట్లో, బస్టాండులో పడేది ఎక్కువగా వీళ్లే.

ఒకరిలో రెండు మూడు కలిసి కూడా ఉంటాయి. ఎక్కువ ఇబ్బంది దేనిదో చెప్పాల్సింది మీ న్యూరాలజిస్టు, ఫిజియో. అది తేలకుండా పరికరం కొనడమంటే పాదం కొలవకుండా చెప్పులు కొన్నట్టే.

## మిగిలిన కొలబద్దలు

వేడి. జర్మనీ కంటి వైద్యుడు విల్‌హెల్మ్ ఉఠోఫ్ 1890లోనే రాసిన సంగతి ఇది. వ్యాయామంతో ఒళ్లు వేడెక్కితే ఎమ్మెస్ ఉన్నవాళ్లకు చూపు మసకబారుతుందని ఆయన గమనించాడు. మైలిన్ పోయిన నరంలో సందేశం అసలే అంతంత మాత్రంగా నడుస్తుంటుంది. లోపలి ఉష్ణోగ్రత అర డిగ్రీ పెరిగినా కొందరికి అది ఆగిపోతుంది. ఒళ్లు చల్లబడ్డాక మళ్లీ మామూలవుతుంది, జబ్బు ముదిరినట్టు కాదు. ఎమ్మారై రాకముందు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి ఈ జబ్బును పట్టుకునేవారు. రోహిణీ కార్తెలో కోనసీమ కూడా ఆ తొట్టి లాంటిదే. పైగా మన దగ్గర గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు, ఆరనిదే ఒళ్లు చల్లబడదు. ఈ ప్రాంతంలో గదిలో చేసే ఏ సాధనకైనా ఒక అదనపు విలువ ఉందని నేను అనుకునేది ఇందుకే.

కళ్లు. ఎమ్మెస్ కంటి నరాన్ని, కళ్లను కదిలించే దారుల్ని కూడా తాకుతుంది. ఒకటి రెండుగా కనిపించడం, చూసేది ఊగుతున్నట్టు అనిపించడం ఉన్నవాళ్లకు తెర మీద ఆటే కష్టం, కళ్లకు ఆనించి పెట్టేది మరీ కష్టం.

పక్కన మనిషి. ఇంట్లో పగలు ఎవరుంటారు? పడబోతే పట్టుకునే బలం వాళ్లకుందా? డెబ్బై ఏళ్ల అత్తగారు పట్టుకుంటే ఇద్దరూ పడతారు.

ఎన్నాళ్లు చేస్తారు. మొక్కుబడిగా నాలుగు రోజులు చేస్తే ఏ పద్ధతీ ఫలితమివ్వదు. వారానికి కనీసం 2, 3 సార్లు, 6 నుంచి 12 వారాలు చేయాలి. విసుగు పుట్టకుండా అన్నాళ్లు చేయించగలిగేది ఏది అన్నదే అసలు లెక్క. వీఆర్‌కు ఉన్న పెద్ద బలం ఇక్కడే ఉంది.

ఖర్చు గురించి ఒక్కమాట. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. హెడ్‌సెట్‌కు డబ్బు దాచేముందు సదరం సర్టిఫికెట్ పని చూసుకోండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే వచ్చే సౌకర్యాలు ఏ ఆటా ఇవ్వదు.

## మొదటి దారి: వీఆర్ లేకుండా, గట్టు మీదా వరండాలో

దీన్ని “ఏమీ లేనివాళ్ల దారి” అనుకుంటారు. నేనలా అనుకోను. ఒకప్పుడు ఎమ్మెస్ ఉన్నవాళ్లను ఒళ్లు అలవనివ్వొద్దనేవారు. ఇప్పుడు ఆ మాట ఎవరూ అనరు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పిక్కలు సాగదీయడం, అరుగు మెట్టు ఎక్కి దిగడం, పొద్దున్నే నడక అన్నీ మందుతో సమానమే.

పాదం వేలాడేవాళ్లకైతే ముందు స్ప్లింటు. చీలమండను పట్టి ఉంచే ఆ ప్లాస్టిక్ ముక్క తొడిగిన రోజే అడుగులో తేడా కనిపిస్తుంది. ఆ పని ఏ వీఆరూ మొదటి రోజే చేయలేదు. నడక వేగానికి ఫాంప్రిడిన్ అనే మాత్ర కూడా ఉంది. అమెరికాలో 2010లో అనుమతి పొందింది. సుమారు మూడోవంతు మందిలోనే స్పష్టంగా పనిచేస్తుంది. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకు ఇవ్వరు. దాని సంగతి న్యూరాలజిస్టుతోనే తేల్చుకోవాలి.

కాలువ గట్టు మీద సిమెంటు రోడ్డుంటే పొద్దున ఐదున్నర, ఆరు మధ్య బాగుంటుంది. చెట్ల నీడ ఉంటుంది, తిన్నగా ఉంటుంది, అలసిపోతే కూర్చోవడానికి ఏ తూము గోడో దొరుకుతుంది. పొలం గట్లు మాత్రం వద్దు. అవి మామూలు మనుషులనే జారుస్తాయి.

ఈ దారిలో లోటు రెండు. ఒకటి విసుగు. రెండోది ఎవరూ పైకి చెప్పనిది: ఊరి చూపు. పాతికేళ్ల అమ్మాయి తూలుతూ నడిస్తే గట్టు మీద పళ్లు తోముకునేవాళ్లంతా ఆగి చూస్తారు. “ఏమైందమ్మా, కాలికి దెబ్బ తగిలిందా” అని రోజుకు నలుగురు అడుగుతారు. ప్రేమగానే అడుగుతారు. పదో రోజుకి ఆ అమ్మాయి బయటికి రావడం మానేస్తుంది. గది లోపల చేసే సాధనను చాలామంది కోరుకోవడానికి సాంకేతికత మీద మోజుకంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం.

## రెండో దారి: టీవీ ముందు నిలబడి

వీఆర్ అనగానే హెడ్‌సెట్టే గుర్తొస్తుంది కానీ, ఎమ్మెస్ మీద తొలినాళ్ల ప్రయోగాలు చాలావరకు టీవీ తెరతో చేసినవే. వీడియో గేములు తయారుచేసే నింటెండో వాళ్ల వీ (Wii) బ్యాలెన్స్ బోర్డు 2007లో జపాన్‌లో వచ్చింది. బాత్రూం తూకం యంత్రంలా ఉంటుంది. దాని మీద నిలబడి బరువు అటూ ఇటూ మారిస్తే తెర మీది బొమ్మ కదులుతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల కినెక్ట్ కెమెరా చేతిలో ఏమీ లేకుండానే మన కదలికను పట్టేది. దాని తయారీ 2017లో ఆపేశారు. రెండూ ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతాయి. ల్యాప్‌టాప్ కెమెరాతో పనిచేసే వ్యాయామ ప్రోగ్రాములు వాటి జాగాలోకి వస్తున్నాయి.

ఇటలీలో 2013లో వెలువడిన ఒక చిన్న పరిశోధనలో ఎమ్మెస్ ఉన్నవాళ్లు ఇంట్లోనే 12 వారాలు బ్యాలెన్స్ బోర్డుతో సాధన చేస్తే నిలకడ మెరుగుపడింది. కొందరికి మోకాలు, నడుము నొప్పి కూడా వచ్చాయి. ఈ రెండో సంగతిని అమ్మేవాళ్లు చెప్పరు.

నాకు నచ్చేది ఏమిటంటే, ఇందులో మీ కాళ్లు మీకు కనిపిస్తాయి, నేల కనిపిస్తుంది, పక్కన మనిషి కనిపిస్తాడు. కళ్ల మీద ఆధారపడి నిలబడేవాళ్లకు ఇది కొండంత అండ. ముందు ఒక బరువైన కుర్చీ, వెనక గోడ మూల పెట్టుకుని చేయొచ్చు. పిల్లలు కూడా వచ్చి పోటీకి నిలబడతారు. అమ్మ గెలిస్తే ఇంట్లో ఆ సాయంత్రం వేరుగా ఉంటుంది.

లోటు కూడా చెప్పాలి. ఇది నిలబడటం నేర్పుతుంది, బరువు మార్చడం నేర్పుతుంది. ముందుకు నడవడం అంతగా నేర్పదు. బోర్డు మీద పాయింట్లు పెరిగినంత మాత్రాన బస్సు మెట్టు ఎక్కడం సులువైపోదు. ఆట అయ్యాక అదే ఊపులో వరండాలో పది నిమిషాలు నడవాలి. బోర్డు ఎత్తు కొద్దిపాటిదే అయినా కాలు తగిలి పడటానికి అది చాలు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తప్పకుండా పట్టుకోవాలి.

## మూడో దారి: ఇంట్లో హెడ్‌సెట్

మొదట ఒక హెచ్చరిక. ఆన్‌లైన్లో కొన్ని వందలకు దొరికే, లోపల ఫోను పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టెలు దీనికి పనికిరావు. అవి తల తిప్పడాన్ని గుర్తిస్తాయి, ఒళ్లు ముందుకు వెనక్కి జరగడాన్ని గుర్తించవు. మీరు తూలుతున్నా కళ్ల ముందు ప్రపంచం కదలదు. లోపలి చెవి ఒకటి చెబుతుంది, కళ్లు ఇంకొకటి చెబుతాయి. ఫలితం వాంతి, లేదా పడటం. మామూలు మనుషులకే కడుపులో తిప్పుతుంది, ఎమ్మెస్ ఉన్నవాళ్లతో ప్రయోగం చేయొద్దు.

అసలైన హెడ్‌సెట్లు, అంటే మెటా క్వెస్ట్ లాంటివి, శరీరం కదలికను కూడా పడతాయి. బరువు సుమారు అర కిలో. నిలబడి ఆడాలంటే చుట్టూ కనీసం 2 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఖాళీ కావాలి. మన మండువా ఇళ్లలో ఆ జాగా ఉంటుంది కానీ మధ్యలో స్తంభాలూ ఉంటాయి. కొత్త డాబా ఇళ్లలో నున్నటి గ్రానైట్. వర్షాకాలం చెమ్మకు ఆ నేల నూనె పూసినట్టుంటుంది. ఏసీ లేని గదిలో వేసవిలో అద్దాలు మసకబారతాయి, ముఖమంతా చెమట. విదేశం నుంచి తెప్పిస్తుంటే వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కనుక్కోండి. రిపేరుకు మళ్లీ తమ్ముడు కువైట్ వెళ్లేదాకా ఆగాల్సి రావచ్చు.

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక టీచరమ్మ ఇంట్లో, ఎవరో అరువిచ్చిన హెడ్‌సెట్‌తో ఉత్సాహంగా మొదలుపెట్టాను. పగటిపూట ఆవిడ కర్ర లేకుండా నడిచేవారు. కాబట్టి నిలబెట్టే పెట్టాను. పెట్టిన పది సెకన్లలో ఆవిడ వెనక్కి ఒరిగిపోయారు. నడుం పట్టుకునే ఉన్నాను కాబట్టి ఇద్దరం వెనకున్న దివాను మీద కూలబడ్డాం. దెబ్బ తగల్లేదు, కానీ ఆవిడ చేతులు చాలాసేపు వణికాయి. సబ్బు ప్రశ్న నేను అడగలేదు. అడిగుంటే ఆవిడ కళ్లతోనే నిలబడుతున్నారని తెలిసేది. హెడ్‌సెట్ ఆ కళ్ల ముందు నుంచి నేలను, పాదాలను ఒక్కసారిగా లాగేసింది. అప్పట్నుంచి ఎవరికైనా సరే, సబ్బు ప్రశ్నకు “అవును” అన్నవాళ్లకు నిలబెట్టి హెడ్‌సెట్ పెట్టడం లేదు.

మరి ఎవరికి పనికొస్తుంది? పాదం ఎక్కడుందో కాలికి బాగానే తెలుస్తూ, చూపు తిన్నగా ఉండి, అలసట, ధ్యాస చెదరడం ప్రధాన సమస్య అయినవాళ్లకు. ఒక పక్కనుంచి వచ్చేదాన్ని తప్పించుకుంటూ, ఇంకో పక్క లెక్క గుర్తుపెట్టుకుంటూ, బరువు మార్చుతూ ఉండాల్సిన ఆటలు వాళ్లకు మంచి సాధన. రావులపాలెం బస్టాండు రద్దీని గదిలోకి తెచ్చుకున్నట్టన్నమాట, తోసేవాళ్లు లేకుండా. క్వెస్ట్ 3 లాంటి కొత్తవాటిలో మన గది, మన కాళ్లు రంగుల్లో కనిపిస్తుంటే వాటి మీదే ఆట బొమ్మలు వచ్చే వీలుంది. నిలబడి చేయాలనుకునేవాళ్లు ఆ రకంతోనే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఇంకో వర్గం కూడా ఉంది: వాకర్ లేదా చక్రాల కుర్చీ దాకా వచ్చినవాళ్లు. వీళ్లు కూర్చునే ఆడొచ్చు. చేతులు లేని కుర్చీ వద్దు, చేతులున్న బరువైన కుర్చీ కావాలి. నడుము, మెడ, చేతులు బాగా కదులుతాయి, మనసు తేలికపడుతుంది. దీన్ని నడక సాధన అని చెప్పి వాళ్లకు ఆశ పెట్టొద్దు.

ఆట ఎంచుకునేటప్పుడు ఒక్క నియమం: మీరు కదిలితేనే లోపలి ప్రపంచం కదలాలి. చేతిలోని మీట నొక్కితే ముందుకు దూసుకుపోయే రేసులు, పడవలు, విమానాలు వద్దు. మొదటి వారం ఒక్కోసారి 5 నిమిషాలు. కడుపులో కొంచెం తేడాగా అనిపించినా తీసేయాలి, ఓర్చుకుంటే అలవాటవుతుందనుకోవద్దు. ఫిట్స్ చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా పెట్టుకోకూడదు. మెరిసే వెలుగుల గురించి తయారీదార్లే హెచ్చరిస్తున్నారు. ఫాంప్రిడిన్ వాడేవాళ్లు కూడా ఒకమాట అడగండి, ఆ మాత్రకూ ఫిట్స్ భయం ఉంది కదా.

## నాలుగో దారి: పెద్ద ఊళ్లో తెర ఉన్న ట్రెడ్‌మిల్

పై నుంచి బెల్టులతో కట్టి పట్టుకుంటారు, కింద ట్రెడ్‌మిల్, ఎదురుగా పెద్ద తెర. తెర మీద దారి, గుంతలు, అడ్డాలు. మీ పాదాలను కెమెరా చూస్తుంటుంది. పడే అవకాశం దాదాపు లేదు, నడిచేది నిజంగా నడకే. నడక నేర్పడంలో నాలుగింటిలో బలమైనది ఇదేనని ఒప్పుకోవాలి.

2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశోధన ఈ పద్ధతి మీదే. వారానికి 3 సార్లు, 6 వారాలు చేయించారు. తర్వాతి 6 నెలల్లో తెర ఉన్న ట్రెడ్‌మిల్ చేసినవాళ్లు పడటం దాదాపు సగానికి తగ్గింది. తెర లేకుండా ట్రెడ్‌మిల్ మాత్రమే చేసినవాళ్లకు అంత తగ్గలేదు. అయితే అందులో ఉన్నది 60 దాటిన వృద్ధులు, పార్కిన్సన్స్ ఉన్నవాళ్లు. ఎమ్మెస్ వాళ్లు లేరు. అది చూపించి “ఎమ్మెస్‌కు రుజువైంది” అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఎమ్మెస్ వరకు జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన సమీక్షలు చెప్పేది ఇంత: వీఆర్ చేసినవాళ్ల బ్యాలెన్స్ ఏమీ చేయనివాళ్లకంటే మెరుగు. అంతే సమయం మామూలు ఫిజియోథెరపీ చేసినవాళ్లతో పోలిస్తే తేడా చిన్నది. నడక వేగం మీద ఫలితం అంత స్పష్టంగా లేదు. ప్రయోగాలు చిన్నవి, చాలావాటిలో పాల్గొన్నది ఇంకా నడవగలిగినవాళ్లే.

మనకు ఇక్కడ అడ్డంకి దూరం. ఇలాంటి యంత్రం కాకినాడలో ఉందే అనుకుందాం. అమలాపురం నుంచి సుమారు 60 కిలోమీటర్లు. 18 సార్లు వెళ్లి రావాలంటే 2,160 కిలోమీటర్లు. యానాం వంతెన దాటేసరికే అలసిపోయే మనిషి, అక్కడికెళ్లి ఏం నడుస్తుంది? ప్రతిసారీ వెళ్లి రావడం కన్నా ఆ ఊళ్లో చుట్టాలుంటే నెలన్నర అక్కడే ఉండి చేయించుకోవడం మేలు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలతో సహా వెళ్లి అలా చేయించుకున్నవాళ్లు ఉన్నారు. పెళ్లాం పిల్లల్ని చుట్టాల ఇంట్లో ఎన్నాళ్లుంచుతారనేది వేరే టెన్షన్, అది మీ ఇంటి లెక్క.

దీన్ని చూసి ఇంటికి మామూలు ట్రెడ్‌మిల్ కొని టీవీ ముందు పెట్టొద్దు. పై నుంచి పట్టే బెల్టు లేకుండా, తూలే మనిషికి ట్రెడ్‌మిల్ ప్రమాదం.

| | గట్టు, వరండా | టీవీ, బోర్డు | హెడ్‌సెట్ | తెర ఉన్న ట్రెడ్‌మిల్ |
|---|---|---|---|---|
| ఎక్కువగా నేర్పేది | నిజమైన నేల మీద నడక, బలం | నిలకడ, బరువు మార్చడం | ధ్యాస, తప్పించుకోవడం | అడుగు, అడ్డం దాటడం |
| సొంత కాళ్లు కనిపిస్తాయా | అవును | అవును | చాలావాటిలో కనిపించవు | అవును |
| వేసవిలో | తెల్లవారుజామునే | ఫ్యాను, ఏసీ ఉంటే ఫరవాలేదు | ఏసీ లేకపోతే కష్టం | ఇబ్బంది లేదు, ప్రయాణమే ఇబ్బంది |
| పక్కన మనిషి | తూలేవాళ్లకు కావాలి | కావాలి | తప్పనిసరి | అక్కడివాళ్లే ఉంటారు |
| తుఫాను రోజుల్లో కరెంటు పోతే | వరండాలో సాగుతుంది | ఆగుతుంది | బ్యాటరీ ఉన్నంతసేపే | దారే ఉండదు |

## మీరు ఎవరు?

కొత్తగా బయటపడింది, రెండు కిలోమీటర్లు నడవగలరు, చివర్లో కాలు ఈడుస్తోంది అంటే మీకు గట్టే చాలు. ఊరి చూపు ఇబ్బంది అయితే డాబా మీద నడవండి. హెడ్‌సెట్ సరదా కోసం కొంటే కొనండి, వైద్యం కోసమని అప్పు చేయొద్దు.

చేతికర్రతో నడుస్తూ, పలకరిస్తే అడుగు తప్పేవాళ్లకు మొగ్గు నాలుగో దారికి. అది కుదరకపోతే టీవీ సాధన, దానికి తోడు వరండా నడకలో మాటలు. గోదావరి రేవుల పేర్లు వరసగా చెబుతూ నడవమంటాను. కోటిపల్లి, ముక్తేశ్వరం, సఖినేటిపల్లి, నరసాపురం... పేరు గుర్తురాక ఆగినచోటే కాలు కూడా ఆగుతుంది. ఆ తడబాటు తగ్గడమే లక్ష్యం. దీనికి పైసా ఖర్చు లేదు.

సబ్బు ప్రశ్నకు అవునన్నవాళ్లు, ఒకటి రెండుగా కనిపించేవాళ్లు హెడ్‌సెట్ మాట మరిచిపోండి. సబ్బు ప్రశ్నకు అవునన్నవాళ్లది రెండో దారి. ఒకటి రెండుగా కనిపించేవాళ్లకు తెర కూడా కష్టమే కాబట్టి మొదటి దారి.

పగలు ఒంటరిగా ఉండేవాళ్లు కూర్చుని చేసేవి తప్ప, నిలబడి ఆడేవి ఏవీ మొదలుపెట్టొద్దు. వీడియో కాల్‌లో ఫిజియో చూస్తుంటారు కదా అంటారు. చూస్తారు, పట్టుకోలేరు.

## మొదలుపెట్టాక

నడుముకి పట్టుకునే బెల్టు కావాలి. మంచం నవారును రెండు పొరలుగా దర్జీతో గట్టిగా కుట్టించి, వెనక పిడి పెట్టించుకుంటే సరిపోతుంది. పట్టుకునేవాళ్లు చెయ్యి కాకుండా ఈ బెల్టు పట్టుకోవాలి. సాధనకు ముందు చల్లటి నీళ్లు తాగి, తడి తువ్వాలు మెడ చుట్టూ వేసుకోండి. మధ్యలో చూపు మసకబారినా, కాలు బరువెక్కినా ఆపి చల్లబడండి.

కొత్తగా వచ్చిన బలహీనత, తిమ్మిరి, చూపు తగ్గడం ఒక రోజు దాటినా పోకపోతే, అది ఆటల వ్యవహారం కాదు. ముందు జ్వరం, మూత్రంలో మంట ఉన్నాయేమో చూసుకుని వెంటనే న్యూరాలజిస్టుకు ఫోన్ చేయండి.

ఫలితాన్ని ఆట పాయింట్లతో కొలవొద్దు. వరండాలో టేపు పెట్టి 25 అడుగులు, అంటే 7.62 మీటర్లు కొలిచి రెండు గీతలు గీయండి. మొదటి గీత మీద నిలబడి, క్షేమంగా ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా రెండోదాకా నడవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో ఫోనులో చూడండి. రెండుసార్లు చేసి సగటు రాయండి. ప్రపంచమంతా ఎమ్మెస్ నడకను కొలిచే పరీక్ష ఇదే. 20 శాతం తేడా వస్తే నిజమైన మార్పుగా లెక్కిస్తారు. 10 సెకన్లు పట్టేది 8కి రావాలన్నమాట. మొదటి రోజు, 4వ వారం, 8వ వారం, అదే సమయానికి, అవే చెప్పులతో చేయండి. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి కొలిస్తే మీరు కొలిచేది ఎండను, సాధనను కాదు. 8 వారాలకు కదలిక లేకపోతే దారి మార్చండి, పరికరం మీద పెట్టిన డబ్బును చూసి ఆగిపోవద్దు.

ఆ టీచరమ్మ వరండాలో గీతలు నేనే పెయింటుతో గీశాను. హెడ్‌సెట్ వెనక్కిచ్చేశాక ఆవిడ టీవీ బోర్డుతో, రేవుల పేర్లతో సాగించారు. సంక్రాంతికి వరండా అంతా ముగ్గులు పెట్టారు, గీతల మీద మాత్రం పెట్టనివ్వలేదు.